గత్తం గుంట

గుణుపురంలో మా బడి వెనక
మునగచెట్టుకీ నీళ్ల ట్యాంకుకీ మధ్య
గత్తం గుంట.
మేం గత్తం అంటాం, దండాసి ఖతొ అంటాడు.
ఎలకలకి రెండు భాషలూ వచ్చు.

మొదట ఒకటే కనబడింది.
మూడో పీరియడు, ఎక్కాలు చెప్తున్నాను.
కిటికీ అవతల ఆనపకాయ తొక్క కిందనించి
తల బయటపెట్టి
పన్నెండో ఎక్కం కాసేపు విని పోయింది.
పిల్లలు నవ్వారు.
వారం తిరిగేసరికి నవ్వటం మానేశారు.
వంగమొక్కల మొదళ్లలో పిడికిలి పట్టే బొరియలు,
గోడవార నల్లటి పెంటికలు,
సాయంత్రం గంట కొట్టాక
దుప్పటి కింద పసివాడు కాళ్లాడించినట్టు
గుంటలో ఒక కదలిక.

రాయగడ సంతనించి బోను తెచ్చాను.
ఎండు నెత్తళ్లు గుచ్చాను.
పొద్దున్న చూస్తే నెత్తళ్లు లేవు, తలుపు పడి ఉంది,
లోపల ఒక కప్ప
నన్నే తప్పుపడుతూ.
వేపపిండి జల్లాను. మొక్కలు బాగుపడ్డాయి.
మందు పెడదామంటే
కుంతల కోళ్లు అక్కడే గీకుతాయి.
"కోడి చస్తే దాని వెల మీ జీతంలోంచే"
అంది వంటగదిలోంచి.

దండాసి పార మీద గడ్డం ఆన్చి
మూడ్రోజులు అన్నీ చూశాడు.
నాలుగోనాడు
"మూషార దోషొ నుహే, మాస్టారూ" అన్నాడు.
"తొక్కకి రాదు ఎలక. ఆకుకి రాదు. పేడకి రాదు.
కూడుకొస్తాది.
రోజూ ఇంత కూడు ఎవులు పోస్తన్నారు ఇందల?"

ఎవరు పోస్తున్నారో ఇద్దరికీ తెలుసు.
పుస్తకంలో నలభై ఒక్కరు.
బల్లల మీద పదిహేడు.
కుంతల పుస్తకాన్ని బట్టి ఎసట్లో బియ్యం పోస్తుంది.
బోనేల ఢిల్లేసు అమ్మానాన్నల్తో
చెన్నై అవతల ఇటికబట్టీ దగ్గరున్నాడు.
మజ్జి తులసమ్మ ఒడియా బడికి మారింది,
అక్కడ దాన్ని తులొసి అంటారట, పలుకుతోందట.
పొట్నూరు కవలలు ఎక్కడున్నారో నాకు తెలీదు.
అయినా పదిన్నరకి
అందరి పేర్ల పక్కనా నా చేత్తోనే టిక్కు పెడతాను.
ముప్పైకి దిగితే బడి ఎత్తేస్తామని
పైనించి కాగితం వచ్చింది మరి.
ఆ టిక్కులే ఉడికి, గంజి వార్చుకుని
మూడింటికి గుంటలోకి పోతున్నాయి.

ఆదివారం గుంట తిరగేశాం.
పైన పొడి ఆకు, దాని కింద పులిసిన అన్నం, ఆవిరి.
నడుం లోతున దండాసి పార ఆపాడు.
గూడు.
కొబ్బరి పీచు, గోనె నార,
మా స్టోరుగదిలోంచి లాక్కొచ్చిన
ఒకటో తరగతి వాచకాలు.
సన్నగా కొరికి పరిచిన మెత్తటి అక్షరాలు.
ఒకచోట ఏత్వం, ఒకచోట తలకట్టు ఊడిన త,
వాటి మీద
గులాబిరంగువి, కళ్లు తెరవనివి, తొమ్మిది.
లెక్కపెట్టాను. అలవాటు.
"ఈ ఏడు ఒకటో తరగతిలో చేరినవాళ్లకన్నా ఎక్కువే" అన్నాను.
దండాసి నవ్వలేదు.
గోనెసంచిలోకి ఎత్తి ఏటివేపు తీసుకెళ్లాడు.
ఏం చేశావని నేను అడగలేదు.

గుంట అడుక్కి కోళ్ల జాలీ వేశాం.
ఒక వరస పచ్చిది, ఒక వరస ఎండుది, పైన నీళ్లు.
వారానికోసారి తిరగెయ్యటం,
ఎలకకి ఇల్లు కుదురుకోకుండా.
కుంతలతో చెప్పాను:
పుస్తకం చూడకు, బల్లలు చూసి బియ్యం పొయ్యి.
"మరి పుస్తకం?"
పుస్తకం సంగతి నేను చూసుకుంటాలే.

నెలయింది.
గుంటలో ఎలక లేదు.
గత్తం కాఫీపొడిలా వేళ్ల సందుల్లోంచి రాలుతోంది.
వంకాయలు దిగాయి, తలా ఒకటి పట్టుకెళ్లారు పిల్లలు,
పదిహేడు.
పుస్తకంలో నలభై ఒకటి.
మిగిలిన బియ్యం స్టోరుగదిలో బస్తా,
దాని మీద ఇంకోటి,
నిన్నటికి మూడోది.

ఇవాళ సాయంత్రం తాళం వేస్తోంటే
తలుపు కింది చెక్కని
లోపలనించి
గీకుతున్న చప్పుడు.
దండాసి విన్నాడు. నేనూ విన్నాను.
"పార తేనా?" అన్నాడు.
తాళంచెవి ఇంకా కన్నంలోనే ఉంది.