కుడి చెయ్యి

రోహిణి కార్తె. ఒంగోలులో రోళ్లు పగిలే మధ్యాహ్నం.
అద్దంకి బస్టాండు దగ్గర నా బంకులో
తోలు కోటు ఒకటి బోర్లా పడుకోబెట్టి
దాని కడుపులో చెయ్యి పెట్టి చూస్తున్నాను.
చెప్పు తెగి వచ్చినామె నవ్వింది:
"ఎవరికయ్యా అది, ఈ ఎండల్లో?"

విమానం నడిపినవాడి కోటు.
దొనకొండలో దొరికింది.
అక్కడ పాత విమానాల మైదానంలో ఇప్పుడు మేకలు దిగుతాయి,
మేకలే ఎగురుతాయి.
రైల్వే క్వార్టర్సు పడగొడుతుంటే
అటక మీద, ఎండుమిరపకాయల బస్తాకి చుట్టి ఉందట.
ముప్పై ఏళ్ల ఘాటు. పురుగు ముట్టలేదు.
పాతసామాన్ల సుబ్బరత్తమ్మ తూకానికి కొన్నది,
తూకానికే నాకిచ్చింది,
తుమ్ముతూ.

నేను వరస తప్పను. పెంచలనర్సయ్య సార్ నేర్పింది:
ముందు జిప్పు, తర్వాత తోలు, దారం, ఆఖరికి లేబులు.
"లేబులు నేర్పించిన సాక్షి అబ్బయ్యా,
ఎవరు కుడితే వాళ్ల వైపు చెప్తుంది.
జిప్పుకి పళ్లే ఉన్నాయి, నాలుక తిప్పడం రాదు."
వైమానిక దళంలో ఇరవై ఏళ్లు ఆయన
ఒక్కసారీ పైకెళ్లలేదు.
కిందే, చక్రాలకి గాలి కొడుతూ.
ఇప్పుడు నెల్లూరులో రైలెక్కి వస్తాడు
ఒక జేబులో భూతద్దం, ఇంకో జేబులో బీపీ మాత్రలు.

జిప్పు ఇత్తడిది, గొళ్లెమంత మొద్దు.
తోలు మీద వేలు తడిపి రుద్దాను.
మేకైతే ఆవాలు చల్లినట్టుంటుంది,
గొర్రె గోటికి లొంగుతుంది.
ఇది గుర్రం.
ఒకసారి పడ్డ ముడత మరిచిపోని మొండి తోలు.
ఎడమ రొమ్ము మీద వేలెడు పట్టీ మేర నలుపు,
దాని చుట్టూ సూది బెజ్జాలు:
పేరు ఊడదీసిన చోటు.
లేబులు లేదు. మంచిదే,
అబద్ధం ఒకటి తగ్గింది.

కుడి చెయ్యి పట్టుకున్నాను.
ఆవాలు.

ముక్కు దగ్గర పెట్టుకుంటే మిరపఘాటు కింద
తంగేడు చెక్క.
కనిగిరి అవతల మా ఇంటి వెనక గుంటల్లో
మా నాన్న మోకాళ్ల దాకా దిగి తొక్కిన వాసన,
బళ్లో నా పక్కన ఎవర్నీ కూర్చోనివ్వని వాసన.
కుట్టు మాత్రం ఆయనది కాదు.
ఆయనది ఎడమచేతి వాటం, కుట్టు అటు వాలుతుంది.
ఇది నిటారుగా ఉంది, రెండు సూదుల పని, మైనం దారం.
ఎవరో. ఆ చుట్టుపక్కల ఎవరో,
గుర్రాన్ని మేకతో కలిపి
అతుకు తెలియకుండా కుట్టినవాడు.

సార్ భూతద్దం దించాడు.
"చెయ్యి మార్చేశారబ్బయ్యా. బెంగుళూరు వాడు సగం కూడా ఇవ్వడు.
అది పీకి గుర్రపు తోలు వేసెయ్.
టీ డికాక్షను, గరుకు కాగితం... నీకు చెప్పాలా?"
చెప్పక్కర్లేదు. రెండు కోట్లకి చేశాను.
ఆ డబ్బుతోనే ఈ ఫ్యాను.

ఆర తీశాను. మళ్లీ పెట్టాను.
ఎడమ చేతి నిండా చిన్న చిన్న కాలిన మచ్చలు,
అమ్మవారు పోసి తగ్గినట్టు.
జేబు తిరగేస్తే గోళ్లలోకి నల్లటి పొడి.
బొగ్గు.
అప్పుడు తెలిసింది, ఆకాశంలో చలికి కుట్టిన కోటు
ఇంజను పొయ్యి ముందు నిప్పురవ్వలకి అడ్డం పడింది.
పార పట్టిన చెయ్యి ముందు చిరిగింది.
ఆ ఫైర్‌మన్ పేరుకి బెజ్జాలు కూడా లేవు.

నోట్‌బుక్కులో రాసుకున్నాను:
ఒళ్లు గుర్రం. ఊరు తెలియదు.
కుడి చెయ్యి మేక, తంగేడు ఊనిక, మనది.
ధర దగ్గర ఏమీ రాయలేదు.

"ఒకసారి వేసుకోనా" అన్నాడు సార్, అటు తిరిగి.
చేతులు దూరాయి. జిప్పు పొట్ట దగ్గర ఆగింది.
కాలరు పైకెత్తుకున్నాడు.
రోడ్డు మీద తారు కరుగుతోంది.

కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదిగా,
ఇంకా నెమ్మదిగా, రెక్కలు లెక్కపెట్టేంతగా తిరిగి
ఆగింది.
సార్ విప్పలేదు.