కూత

ఆట ఒడిసింది. మహబూబ్‌నగర్ స్టేడియంల
లైట్లు ఇంకా గుడ్లురుముతనే ఉన్నయ్.
ఆఖరి కూతకు పోయిన కేతావత్ జమ్ని
గీతకు జానెడు దూరంల దొరికిపోయింది.

మ్యాటుకు గీరుకపోయిన మోకాలుతోనే
కంపెనీ పేర్ల తెర ముందట నిలబడ్డది.
అగ్రిమెంటుల ఉన్నదట:
గెల్సినా ఓడినా పది నిమిషాలు మాట్లాడాలె,
లేకుంటే జీతంల కోత.

మైకు పట్టినోణ్ని నేనే.
బైటు లేకుంటే నా మూడొందలు రావు.
"ఎట్లనిపిస్తుందమ్మా?" అన్న.
ఇంతకన్న మంచి సవాలు నా తాన లేదు.

ముప్పై సెకండ్లు గుక్క తిప్పుకోకుంట
ఒక్క మాటనే పలికిన నోరు
చానసేపు ఊకున్నది.

"అన్నా, ఆడ కూత ఆగితే ఔటంటరు,
ఈడ ఆగితే జుర్మాన అంటరు.
మరి ఊపిరి ఎప్పుడు తీసుకోవాలె?"

డెస్కు నుంచి ఫోన్: "ఏడ్సిందా?"
"లేదు" అన్న.

ఇంక ఎనిమిది నిమిషాలున్నయ్.
దేవరకొండ బస్సు ఎన్నింటికని అడిగిన.
చెప్పింది:
జడ్చర్లల మారాలె,
కల్వకుర్తిల మిర్చిబజ్జి మంచిగుంటది,
తండా కాడ డ్రైవరు ఆపడు, కొట్లాడాలె...
గుక్క తిప్పుకుంట, నిమ్మళంగ.

డెస్కు అది వాడలే.
నా మూడొందలు గూడ రాలే.