నూట పద్దెనిమిదో పేజీలో సరళ

లింగరాజపురం వంతెన కింద జెరాక్స్ షాపులో
ఫిర్దౌస్ నా ఆదాయ ధ్రువపత్రాన్ని మూడోసారి స్కాన్ చేస్తోంది.
ఫీజు మాఫీ కావాలంటే బీదరికం
రెండు వందల కేబీ దాటకూడదట.

మొదట్లో పదకొండు యూనివర్సిటీలు రాసుకున్నాను.
హాస్టల్ లేనివి కొట్టేశాను.
ఇంటర్వ్యూకి సొంత ఖర్చుతో రమ్మన్నవి కొట్టేశాను.
సోషియాలజీ పేరుకి మాత్రమే ఉన్నదొకటి.
మిగిలినవి నాలుగు.
నాలుగోదాన్ని కొట్టేయడానికి కారణం దొరక్క
అక్కడి మేడమ్ రాసిన పుస్తకం తెరిచాను,
బెంగళూరులో చీపురు పని మీద.

"సరళ, నలభై రెండేళ్ళు, తెలుగు మాట్లాడుతుంది.
ముగ్గురు పిల్లలు.
మాట్లాడుతున్నంతసేపూ ఉల్లిపాయలు ఒలుస్తూనే ఉంది."

ఆ ఉల్లిపాయలు నాకు తెలుసు.
అప్పుడు నేను ఏడో తరగతి.
రికార్డర్ మీది ఎర్రచుక్కని చూస్తూ
లెక్కలు చేస్తున్నట్టు నటించాను.

రాత్రి అమ్మకి చదివి వినిపించాను
ఇంగ్లీషుని మా కదిరి మాటలోకి తిప్పి.
తెల్లారి ఐదున్నరకి మస్టర్లో వేలు పెట్టాలి,
చాప పరుస్తూ ఆగింది.

"సరళ ఎవురే?"
"నువ్వే. పేరు మారుస్తారు, నీకు ఇబ్బంది రాకుండా."
"మేస్త్రీకి నా పేరు తెలుసు, మిషనుకి నా వేలు తెలుసు.
ఇంగెవురికి తెలీకుండా?"

కాసేపటికి,
"ఆ పిల్ల మంచిదేలే. రెండోసారి బన్నులు తెచ్చింది.
చీటీ సంగతి రాసిందా?"
రాయలేదు.
"గంటసేపు చెప్పింది అదే గదా!"

ఎందుకు చదవాలనుకుంటున్నారో
వెయ్యి మాటల్లో రాయమన్నారు.
మొదటి వాక్యం దగ్గరే ఆరుసార్లు ఆగాను.
పౌరకార్మికురాలి కూతుర్ని అని మొదలుపెడితే
సీటు కోసం అమ్మని ముందుకి తోసినట్టుంది.
రాయకపోతే
కాలేజీ బస్టాపు దగ్గర ఊడుస్తూ కనబడితే
తల తిప్పుకున్నానే, ఆ ఒక్క రోజు,
మళ్ళీ తిప్పుకున్నట్టుంది.

ఎవరి దగ్గర పనిచేస్తారు అన్న గడిలో
ఆ మేడమ్ పేరు కొట్టాను, చెరిపాను, కొట్టాను.
ఆమెకెలా చెప్పాలి?
మీ అధ్యాయం బావుంది మేడమ్, నిజంగానే.
కానీ పిల్లలం ఇద్దరమే.
మూడోవాడు పక్కింటి గణేశు,
అన్నం వేళకి వచ్చి కూర్చున్నాడు.

"షట్టర్ దించాలే, పంపనా?"
"ఉండు."
నిలబడే కొట్టాను ఏడో మొదటి వాక్యం:
మా అమ్మ పద్దెనిమిది మంది ఆడవాళ్ళతో
తొమ్మిదేళ్ళు చీటీ నడిపింది,
ఒక్క సంతకం లేకుండా.

తర్వాతి వాక్యాలు అవే వచ్చాయి,
కొన్ని వంకరగా.

స్కాన్లూ ప్రింట్లూ కలిపి ఎనభై ఐదు రూపాయలు.
"ఖాతాలో రాసుకో," అన్నాను, "సరళ పేరు మీద."
ఫిర్దౌస్ పెన్ను ఎత్తింది.
"ఏ సరళ?"