నీళ్ళు చల్లబడే రాత్రి

వచ్చిన ఏడాది
నాతో తెచ్చుకున్న కార్తెలు ఒక్కటీ పనిచెయ్యలేదు.
మిర్గం నాడు మొగులు దిక్కు చూస్తే
కాలిన పెంకు తప్ప ఏం లేదు.
రోహిణిల రోళ్ళు పగులుతయంటరు మా దిక్కు.
ఇక్కడ గుట్టలే పగిలి పగిలి
ఇంక పగలడానికి ఓపిక లేక కూచున్నయి.

అరటి కొలను అని అర్థమట ఈ ఊరి పేరుకు,
బిర్కత్ అల్ మౌజ్.
అరటి తక్కువ, ఖర్జూరం ఎక్కువ,
రెంటి నడుమ జానెడు వెడల్పు కాలువ.
ఫలజ్ అంటరు.
దాని లెక్క సలూమ్ తాత చేతిల ఉన్నది:
పగలు కర్ర నీడ, రాత్రి చుక్క,
ఎవరి తోటకు ఎంత సేపు నీళ్ళో.
"ఫోన్ల టైం ఉన్నది గద తాతా" అంటే
"ఫోనుకు దూప అయితదా?" అన్నడు.
నా పని తూముల బట్ట తీసుడు, మళ్ళ కుక్కుడు.

ఫాగునంల చెట్టెక్కుడు నేర్పిండు.
తాడు నడుముకు చుట్టంగనే
మా వాడకట్టు నర్సాగౌడ్ మోకు యాదికొచ్చింది.
ఈతచెట్టుకు పెద్దక్క ఈ చెట్టు.
కల్లుకు కాదు, పెండ్లి చెయ్యనీకి ఎక్కుడు.
మగపువ్వు పిండిని ఆడగెల నడుమ పెట్టి
నారతోటి ముడెయ్యాలె.
నేను నవ్వుకుంట మూడు ముళ్ళేసిన.
కింద నుంచి తాత అరిచిండు,
ఒక్కటి చాలు, నారంత ఒడగొడతవా అని.

ఏప్రిల్ల పైన సైక్ గుట్ట మీద గులాబీలు.
పికప్‌ల కట్టెలు ఏసుకుని పోయిన.
మట్టి పొయ్యిల మీద పూలు ఉడుకుతుంటే
పన్నీరు వాసన, పొగ వాసన
ఒకదాన్నొకటి విడువలేదు.
ఆ అంగీ వారం దాక ఉతకలేదు నేను.

ఎండకాలం గురించి ఏం చెప్పాలె.
వీపు మీద ఉప్పు దేశాల పటాలు గీసేది.
నల్లా తిప్పితే చాయ్ నీళ్ళు.
అయినా అదే ఎండ
గెలల మీద పసుపు పూసుకుంట పోయింది,
మెట్‌పల్లి మార్కెట్ల కొమ్ములు ఎండినట్టు.
ఒక పొద్దున ఒక్క కాయ
సగం పసుపు, సగం తేనె.
తాత దాన్ని తుంచి నాకే ఇచ్చిండు.
గింజ చాలాసేపు నోట్లనే ఉంచుకున్న.

ఆగస్టు ఆఖరుల
కోడి కూయక ముందే లేపిండు.
దక్షిణం మూల, గుట్ట అంచున
వణుక్కుంట ఒక చుక్క.
"సుహైల్" అన్నడు, "ఇగ నీళ్ళు చల్లబడతయి."

నాకు గుర్తున్న చుక్కనే.
మా పెద్దబాపు వేలు పెట్టి చూపిచ్చేది,
అగస్త్యుడు పొడిస్తే
ఒర్రెల బురదనీళ్ళు తేటపడతయని.
వచ్చీరాని అరబ్బీల చెప్పిన తాతకు:
మా దగ్గర ఆయన ఒక ముని,
పొట్టి మనిషి,
ఒక్క గుక్కల సముద్రం తాగిండు.
తాత వాదీ దిక్కు చూసిండు,
ఎండిన గులకరాళ్ళ మీద మేక ఒకటి నడుస్తున్నది.
"ఇటు దిక్కు కూడ వచ్చిపోయినట్టున్నడు" అన్నడు.
ఇద్దరం నవ్వినం, మేక ఉలిక్కిపడేటట్టు.

డిసెంబర్ల ఒకనాడు అదే వాదీ వచ్చింది.
చెప్పకుంట, మట్టిరంగుల, రాళ్ళు దొర్లిచ్చుకుంట.
ఊరంత కార్లల్ల వచ్చి ఒడ్డున నిలబడ్డది,
పెండ్లికి వచ్చినట్టు.
ఎవ్వరు ఏం చెయ్యలేదు. చూసిన్రు.
నేను చెప్పులు విడిచి చూసిన.

ఇది ఏడో ఏడు.
తాత రెండో కంటికి కూడ మబ్బు కమ్మింది.
నిన్న నేనే ముందు లేచిన.
చాలాసేపు గుట్ట అంచునే చూసుకుంట ఉన్న,
తర్వాత పోయి ఆయన భుజం తట్టి
"వచ్చిండు" అన్న.
పైకి చూడలేదు తాత.
కాలువ గట్టున కూచుని
మణికట్టు దాక చెయ్యి ముంచి
అట్లనే ఉంచిండు.
పారే నీళ్ళు వేళ్ళ సందుల నుంచి
ఏదో గొణుక్కుంట పోయినయి.
"నిజమే" అన్నడు.