ముందు వరస, ఎడమ నుంచి ఐదు

పుస్తకానికి పాత సంగతులు పోగేసే పని నాకిచ్చారు,
ఊళ్లోనే ఉండిపోయినవాణ్ణి గనక,
మోటార్లకు రాగితీగ చుట్టే కొట్టు గనక,
తెగినవి అతకడం నాకు తెలుసనుకున్నారు గనక.

గన్నవరం హైస్కూలు, పదో తరగతి, బి సెక్షను.
ఎనభై ఏడు మార్చి.
ఉన్నది ఒక్కటే ఫొటో.
డ్రిల్లు మాస్టారు ఆశీర్వాదంగారింట్లో
తొంభై ఆరు తుపానుకి పెంకులు లేచిపోతే
మూడు రోజులు నాని, మూడు వారాలు ఎండి,
బియ్యం డబ్బా అడుగున బతికి బయటపడింది.

నేల మీద కూర్చున్న ఆడపిల్లల్లో
ఎడమ నుంచి ఐదో చోట మొహం లేదు.
గంజి ఒలికినట్టు తెల్లటి మరక.

ఎవరిది?

"నాదేరా" అన్నాడు ఏసుపాదం.
ఆడపిల్లల వరసలోనా అంటే
అల్లరికి శిక్షగా కూర్చోబెట్టారన్నాడు.
వెనక బెంచీ ఎక్కి పళ్లికిలిస్తున్నది ఎవరో మరి.
కాకినాడ నుంచి సత్యవేణి ఫోన్లో,
"మనిషి కాదు, అక్కడ సంచీలు కుప్ప పోశాం."
లెక్కల పేరయ్య మాస్టారికి చెవులు పోయాయి.
ఫొటో తిరగేసి చూసి,
మొత్తం ఎంతమందో గుణించి చెప్పమన్నారు.

అక్విడెక్టు దగ్గర టీ కొట్లో నలుగురు మాత్రం
ఒకే మాట మీద నిలబడ్డారు:
"ఖాళీ అది. నూకరత్నం కోసం.
లంక నావ రాలేదు ఆ పూట.
ఫొటో అబ్బులు నల్లముసుగులోంచి తల తీసి
జరగండి జరగండి అని అరిచినా
ఎవరూ జరగలేదు. చోటు ఉంచాం."

ఎంత బాగుంది మాట!
నావ రాకపోయినా చోటు ఉంచిన తరగతి అని
ఆ రాత్రే రాసేశాను.
రాస్తూ కళ్లు తుడుచుకున్నాను కూడా, అబద్ధమెందుకు.

చూపించి వద్దామని లంకకి వెళ్లాను.
చెవి మీద పెన్సిలు పెట్టుకుని
అరటిగెలలు లెక్కేస్తోంది నూకరత్నం.
చేతికంటిన జిగురు గోనెకి తుడిచి ఫొటో అందుకుంది.
నా వాక్యం చదివి వినిపించాను.

"నేను రాలేదని ఎవరన్నారు?"

అందరూ అన్నాను.

"చోటు ఎవడుంచాడు?
మోచేతుల్తో తోసుకుని కూర్చున్నాను.
సత్యవేణి గిల్లింది, ఇదిగో ఇక్కడ."

వేలు మరక మీంచి కిందికి జరిపింది,
పరికిణీ అంచు దాకా.
అంచు కింద రెండు పాదాలు.
చీలమండలు మునిగేంత బురద.
అటూ ఇటూ ఉన్న పాదాలన్నీ
అప్పుడే కడిగి ఆరేసినట్టున్నాయి.

"మార్చిలో నావ ఒడ్డుకంటా రాదుగా,
దిగి నడవాలి."

రెండు నెలలుగా ఆ ఫొటో నా బల్ల మీదే ఉంది.
భూతద్దం పెట్టి మొహాలు లెక్కపెట్టాను.
మొహాలే.

అక్కడే, ఆవిడ పెన్సిలడిగి,
వాక్యం కొట్టేశాను.
మంచి వాక్యం.
దాని చోట ఏం రాయాలో ఇంకా తేలలేదు.

గెలల లెక్క తప్పిపోయిందని విసుక్కుంటూ
మళ్లీ మొదట్నించీ అందుకుంది.
నేను చెప్పులు చేత్తో పట్టుకుని
రేవులో దిగుతుంటే వెనక నుంచి కేకేసింది:

"ఆదివారం మొదటి నావ తొమ్మిదిన్నరకి!
పదింటిలోపు ఫొటోలు తీయొద్దని చెప్పు!"