ఉప్పు వదిలి పోయిన నీళ్ళు

కత్తెర ఎండలో మా ఇసకపల్లి మళ్ళల్లో
చీలమండ దాకా పెట్టిన నీళ్ళు
వేలిగోటికి దిగి, ఆఖరికి
గట్టు అంచున తెల్లటి పొరై మిగుల్తాయి.
దంతె లాగుతా మా అమ్మని అడిగినాను చిన్నప్పుడు:
ఉప్పు మనకాడుంది, నీళ్ళు యాడికి పోయినై?
"పైకి" అనింది, తల కూడా ఎత్తకుండా.
ఆ పొద్దు ఆమె ఇంకా పదకొండు తట్టలు మొయ్యాల.

పైకి పోయిన నీళ్ళు ఊరికే ఉండవు.

మా మడి వెడల్పు పద్దెనిమిది అడుగులు.
బంగాళాఖాతం గట్టు లేని మడి.
అక్కడా అదే ఎండ, అదే పని,
దంతె పట్టే మనిషొక్కరే లేరు.
వారాల తరబడి కాగి కాగి
నీళ్ళు ఆవిరై లేస్తాయి,
పైన చలికి మళ్ళా చుక్కలవుతా
మోసుకుపోయిన వేడినంతా అక్కడ దించుతాయి.
ఆ వేడికి గాలి ఇంకా పైకి, ఇంకా పైకి.
కింద ఖాళీ పడుతుంది.
రేడియోలో దాన్ని అల్పపీడనం అంటారు.
నిండు ఇంట్లోంచి ఒక మనిషి పోతే
నాలుగు దిక్కుల చుట్టాలూ పరిగెత్తుకొస్తారే,
అట్లాంటి చోటు అంటాను నేను.

వచ్చే గాలి తిన్నగా రాదు.
కింద భూమి తిరుగుతా ఉంది గదా,
కుడికి కుడికి జరుగుతా
చేరాల్సిన చోటు చేరలేక
దాని చుట్టూనే తిరుగుతుంది,
తిరగలిలాగా.
మధ్యలో గింజ పోసే బొక్క. చుట్టూ రాయి.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఆ ఏడు కుప్పలు ముప్పై ఆరు.
తాటాకు కప్పి, తాళ్ళకి రాళ్ళు కట్టి
బకింగాం కాలువ దాటి షెల్టర్లో చేరినాం.
ముందురోజే పీతలు ఇసక దిబ్బెక్కినై.
అలకీ అలకీ మధ్య ఎడం పెరిగింది,
ఊపిరి బిగబట్టి వదిలేంత.
రేవులో ఎన్నో నంబరు ఎగరేశారో
చెప్పేదానికి కరెంటు లేదు.

రాత్రంతా ఉత్తరం గాలి.
రేకులు, సరుగుడు కొమ్మలు, ఎవరిదో తలుపు
మా కిటికీల ముందు నుంచి దక్షిణానికి పోతా ఉండినై.
మూడు గంటలప్పుడు
ఆగిపోయింది.

పూర్తిగా. చుక్కలు కూడా కనబడినై.
పసిబిడ్డ తుమ్మితే అందరం ఉలిక్కిపడినాం.
దశయ్య మామ లేచి పంచె బిగించినాడు.
"ఆకు లేచిపోయుంటది, కప్పేసి వస్తా."
పొమ్మని ఎవరూ అనలేదు.
వద్దని కూడా అనలేదు.
అది తుపాను కన్ను అని,
మేము తిరగలి బొక్కలో ఉన్నామని
చెప్పేవాళ్ళు ఆ షెల్టర్లో లేరు.

ముప్పావు గంట.
తర్వాత గాలి దక్షిణం నుంచి వచ్చింది,
ఈసారి సముద్రాన్ని వెంటబెట్టుకొని.
ఉప్పెన అనే మాటలో ఉప్పుందని
ముందు తెలిసింది నాలిక్కి కాదు,
చీకట్లో మెట్లెక్కి వస్తా ఉన్న నీళ్ళు తగిలి
భగ్గుమన్న నా కాళ్ళ పుండ్లకి.

ముప్పై ఆరు కుప్పల్లో ఒక్కటీ మిగల్లేదు.
నష్టం రాసుకునే గుమాస్తా
ఉప్పు ఉండిందని రుజువేంది అన్నాడు.
గుంటలో నీళ్ళు చూపించి, నాకి చూడు అన్నాను.

దశయ్య మామ నాలుగో రోజు సరుగుడు తోపులో దొరికినాడు.
పిడికిట్లో తాటాకు ముక్క.
విడదీయలేక దాంతోనే పూడ్చినాం.

మళ్ళా కత్తెర. మడిలో నీళ్ళు దిగుతా ఉండాయి.
యాడికి పోతున్నాయని నా కూతురు అడగలేదు,
నేనే చెప్తా ఉండాను:
గాలి ఆగితే అయిపోయిందనుకోబాక.
మొదట యాడి నుంచి కొట్టిందో గుర్తుపెట్టుకో,
రెండోది ఎదురు దిక్కు నుంచి వస్తది.
అదీ వచ్చి పోయిందాకా
తలుపుకి వీపానించి కూర్చోనుంటా.
నన్ను దాటి పోబాక.