మూడో విజిల్

బాయిలర్ పేలిన నెల నుంచీ
మా ఇంట్లో పప్పు గిన్నెలోనే ఉడుకుతోంది.
కుక్కర్ని పాత లుంగీలో చుట్టి
అటక మీదికి ఎక్కించేసింది నూకరత్నం,
నాతో ఒక్క మాటైనా అనకుండా.

మా వీధిలో గోడకీ గోడకీ జానెడే ఎడం.
పక్కింటి కుక్కర్ కూసిందంటే
మంచం కింద దూరి వెతుకుతాను
అప్పలస్వామి రెండో బూటు.

లెక్కపెట్టమంది కేజీహెచ్ డాక్టరమ్మ.
ఒకటి. కిటికీ ఊచ చల్లగా ఉంది.
రెండు. చెమట. ఊచ వదల్లేదు.
మూడో విజిల్‌కి
ఎవరింట్లోనో
కందిపప్పు ఉడికిన వాసన.
అంతే. వాసనే.

ఇవాళ పాత గాజువాక జంక్షన్లో
ఒక రబ్బరు గాస్కెట్ కొన్నాను.
తను దాన్ని పెద్ద గాజులా
చేతికి తొడుక్కుని
అటక వైపు చూసింది.

"రేపు చూద్దాంలే" అన్నాను.
స్టూలు మాత్రం
జరిపి పెట్టాను.